ఉడికిన పసుపు మల్ల పచ్చిగైతదా

7 మార్చి 1991, ఆర్మూర్

మూడు నెలల సంది ముందుకు సాగని నా పీహెచ్‌డీ ఆపరేటర్ ఆల్జీబ్రా లెక్కల తప్పు ఇయ్యాల కల్లంల దొరికింది. పసుపు ఎండబోస్తుంటె అత్తమ్మ అడిగింది, "నీ చదువేందో జర చెప్పు బిడ్డా."

"గ్రూపాయిడ్ అనే లెక్కల అన్నీ బాణాలే అత్తమ్మా, బాణమంటె ఒక తీరు నుంచి ఇంకో తీరుకు పోవుడు. ఒకటి ఆగిన కాడ ఇంకోటి మొదలైతెనే రెండూ కలుస్తయి. పోయిన ప్రతి బాణానికి తిరిగొచ్చే బాణం ఉంటది. మన పసుపు లెక్కనే, ఉడికినంక ఎండుడు, ఎండినంక పాలిష్."

అత్తమ్మ పకపక నవ్వింది. "ఉడికిన పసుపు మల్ల పచ్చిగైతదా?"

చేతుల గంప జారింది. నా థీసిస్ ఏడో పేజీల గూడ గసొంటి బాణమే ఉంది! వేడి ఇనుము చల్లారే బాణం. చల్లారిన ఇనుము దానంతటదే మల్ల వేడెక్కదు. గా బాణం గూడ తిరిగొస్తదనుకొని నూరు పేజీలు రాసిన.

అన్నీ మల్ల రాయాలె. గైడ్ సార్ ఏమంటడో... అయినా మస్తు సంబురమైతుంది. థీసిస్ ఎప్పుడైతదో గని, కృతజ్ఞతల పేజీల మొదటి పేరు మాత్రం ఖాయమైంది.