వెనక కీలు బోల్టు

డాక్టరు బావమరిదికి బావ ఆశీస్సులు.

ఇక్కడ నేను క్షేమం. హాలు మాత్రం క్షేమంగా లేదు. మీ అక్క నీ దగ్గర క్షేమంగా ఉందనీ, ఆవిడ కోపం కూడా ఆవిడతో పాటే క్షేమంగా ఉందనీ తలుస్తాను.

ఫోను చేస్తే ఎత్తదట. ఫోనులో నేను గొంతు పెంచుతానట. "చెప్పేదేమైనా ఉంటే మా తమ్ముడికి రాయండి, రాసేటప్పుడైనా ఆలోచిస్తారు" అని గుమ్మం దాటుతూ అంది. నేను తూనికలు కొలతల ఇన్‌స్పెక్టర్ని. నన్ను చూస్తే బజార్లో కొట్లవాళ్లంతా గబగబా త్రాసులు తుడుచుకుంటారు. అలాంటివాడికి ఇంట్లో ఈ గతి.

జరిగింది నా నోటే విను. మా ఆఫీసులో ఒకాయన్ని అందరూ హెల్మెట్ అంటారు. భోజనానికి కూర్చున్నా నెత్తి మీంచి అది తియ్యడు. కొండబాటల్లో సైకిల్ తొక్కే సంఘానికి ఆయన కార్యదర్శి. మనిషన్నాక కొండెక్కాలి, దిగాలి, అదీ ముందూ వెనకా రెండు స్ప్రింగులున్న సైకిల్ మీద, అని ఆయన సిద్ధాంతం. అలాంటిది తయారుగా కొంటే మీ అక్క ఊరుకోదు కదా. అందుకని చవగ్గా దొరికిన ఉత్త ఫ్రేము కొని, మిగతా సామాను విడిగా తెచ్చి నేనే బిగించుకుందామనుకున్నాను. ఎంత, రెండు ఆదివారాల పని! ఆ రెండూ ఎప్పుడు దాటిపోయాయో తెలీదు గానీ సోఫా మీద చక్రాలు, భోజనాల బల్ల మీద గొలుసు అలాగే ఉన్నాయి. ఒకరోజు మీ అక్క తాగుతున్న మంచినీళ్ల గ్లాసులో నట్టు వచ్చింది. పెట్టె సర్దుకుంది. "ఆ సైకిల్ నడిచిన రోజున ఇంటికొస్తాను" అని వెళ్లిపోయింది. వినడానికి శపథంలా ఉంది గానీ నాకేం బెంగ లేదు. వచ్చే ఆదివారం నడిచేస్తుంది.

దీంతో పాటు బస్సు పార్సిల్లో ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు, రెండు చక్రాలు పంపుతున్నాను. కొత్తవే, పెట్టెల్లోనే ఉన్నాయి. హెల్మెట్ చూసి "ఇవి పిల్లలు పార్కులో తిప్పుకునేవి" అన్నాడు. కొట్టువాడు వెనక్కి తీసుకోడు. నీ పశువుల ఆస్పత్రి వెనక గదిలో పడెయ్.

ఇట్లు,
మీ బావ

తా.క. ఫ్రేముకి వెనక సగం కిందికీ పైకీ ఊగే చోట ఒక కీలుంది. ఆ కీలుకి పొడుగాటి బోల్టు ఒకటుండాలి. మీ అక్క వెళ్లిన రోజు నుంచీ కనబడటం లేదు. చూసిందేమో అడుగు. పాపం ఆవిడకి బోల్టుకీ మేకుకీ తేడా తెలీదు కాబట్టి బొమ్మ గీసి పంపుతున్నాను.

—

పూజ్యులైన బావగారికి బావమరిది నమస్కారాలు.

మీ ఆశీస్సులు, ఫోర్కు, చక్రాలు అందాయి. ఆశీస్సులు తేలిగ్గానే ఉన్నాయి. మిగతావి బస్టాండు నుంచి మోసుకొచ్చేసరికి నా నడుం పట్టేసింది.

మీరు అక్కని అర్థం చేసుకోలేదు బావా. పార్సిల్ విప్పగానే నేల మీద కూర్చుని చక్రాల ఊచలు ఒక్కొక్కటీ తుడిచింది. "కొత్తవే కదా అక్కా" అంటే "అయినా సరే, దుమ్ము పడితే పాడైపోతాయి" అంది. మీ చెయ్యి తగిలిన సామాను మరి! నాకు కళ్లు చెమర్చాయి. గేదె సుఖంగా ఈనినప్పుడు తప్ప మామూలుగా నాకు కళ్లు చెమర్చవు.

ఫోర్కు పెట్టె అడుగున మీరు దాచి పంపిన ఉత్తరం కూడా ఆవిడకి దొరికింది. బోలెడు మడతలున్న పొడుగాటి ఉత్తరం. నేను తొంగి చూడబోతే మూసేసింది. రోజూ పడుకునే ముందు చదువుతోంది, అక్కడక్కడా పెన్సిలుతో గీతలు పెడుతోంది. ఏం రాశారో గానీ, మీరింత రసికులని నేనెప్పుడూ అనుకోలేదు.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. బోల్టు సంగతి అడిగాను. మీ బొమ్మ చూసి నవ్వి, "పోగొట్టుకున్నాయన్నే వచ్చి వెతుక్కోమను" అంది.

—

డాక్టరు బావమరిదికి ఆశీస్సులు.

నేను ఏ ఉత్తరమూ దాచి పంపలేదు. పెళ్లైన కొత్తలో నేను రాసినవేవో తీసుకెళ్లి చదువుకుంటోంది కాబోలు. నువ్వు మాత్రం కాదనకు. కొత్తదే రాశానని అనుకోనీ.

ఇక్కడ పని చకచకా సాగుతోంది. కొత్త ఫోర్కు వచ్చింది. కాస్త పొడుగు. బిగించి చూస్తే, నువ్వు మందు పట్టించడానికి దూడ మూతి పైకెత్తుతావే, అలా ఉంది సైకిల్. కొత్త వెనక చక్రం కూడా వచ్చింది. ఇరుసు వెడల్పు, ఫ్రేము ఇరుకు. కొద్దిగా కొట్టి చూశాను. ఇంకాస్త గట్టిగా కొట్టి చూశాను. కింది వాటా ఆవిడ పైకొచ్చి "కొనేముందు కొలవలేదా అండీ?" అంది. కొలతలు నా ఉద్యోగం. ఇంటికొచ్చి కూడా ఉద్యోగమే చెయ్యాలా? ఈ పెట్టెల్లో బిగించే పద్ధతి అచ్చేసిన కాగితాలు కూడా వస్తాయి. నేను వాటి మడత కూడా విప్పను. చేతిలో పానా పట్టుకున్న మగాడు కాగితం చూసి బిగించడం నామోషీ.

బోల్టు కోసం ఇల్లంతా గాలించాను. ఆ కీలుకి ఆ బోల్టు తప్ప ఇంకోటి పట్టదట. ఫ్రేము తయారు చేసినవాళ్లకి రాస్తే ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ పోయిన బోల్టుని అక్కడికొచ్చి వెతుక్కోవాలట! మీ అక్క తర్కం చూశావా?

చివరికి హెల్మెట్ దారి చూపించాడు. "బోల్టు కోసం దేవులాడటమేంటండీ, ఫ్రేమే మార్చేయండి" అన్నాడు. మాట తూకంగా ఉంది. కొత్త ఫ్రేముకి పాత సామాను బిగిస్తే కొత్త కోటుకి చిరుగు చొక్కా గుండీలు కుట్టినట్టుంటుందట. కాబట్టి ఆ చవక ఫ్రేము, దాని వెనక స్ప్రింగు, బ్రేకులు, గేర్లు, గొలుసు, పెడళ్లు, హ్యాండిలు, సీటు, సమస్తం పంపేస్తున్నాను. పాతసామాన్లవాడికి వేసెయ్.

ఇట్లు,
మీ బావ

తా.క. మీ అక్కని చూడ్డానికి ఈ ఆదివారం వద్దామనే అనుకున్నాను. కొత్త ఫ్రేము వస్తుందేమోనని ఆగిపోయాను. ఈ మాట ఆవిడకి చెప్పకు. చెప్పాల్సొస్తే, నేను బాధపడుతున్నట్టు చెప్పు.

—

బావగారికి నమస్కారాలు.

సమస్తం అందింది. ఫ్రేము చూసి అక్క "బోల్టు దొరక్కపోతే ఫ్రేమే మార్చేశారా?" అని అడిగింది. అవునన్నాను. కాసేపాగి మళ్లీ అదే అడిగింది. తర్వాత నా దగ్గర పానాలున్నాయా అంది. మంచం కోళ్లు ఊగుతున్నాయేమోనని ఇచ్చాను.

అప్పటి నుంచీ నాకు భయంగా ఉంది. పాతసామాన్లవాణ్ణి గేటు దాటనివ్వలేదు. వెనక గది తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది. తెల్లారగానే ఆ గది వీధి తలుపులోంచి కొండ వైపు వెళ్లిపోతోంది. కొండకి అటు మీరు, ఇటు మేము. పైకెక్కితే మీ వీధులు కనబడతాయి కాబట్టి వాటిని చూసుకోవడానికి వెళ్తోందని నా ఊహ. తిరిగొచ్చేసరికి ఒళ్లంతా మట్టి, మోకాళ్లు చెక్కుకుపోయి, మోచెయ్యి గీరుకుపోయి ఉంటోంది. కళ్లనిండా నీళ్లతో దారి కనబడక పడిపోతోంది కాబోలు. తిండి మాత్రం రెట్టింపైంది. నా కంచంలోది కూడా తీసుకుంటోంది. పశువైతే ఈపాటికి రోగం చెప్పేవాణ్ణి. మనిషి కాబట్టి బెంగ అని తేల్చాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఆవులకి మందెక్కించే నా పెద్ద సిరంజి కనబడలేదు. అక్క దగ్గర దొరికింది. ఏం చేస్తున్నావంటే "గాలి బుడగలు తీస్తున్నాను" అంది. బావా, మతి కూడా చలిస్తోందా?

—

డాక్టరు బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మనసు వికలమైంది. కాస్త గర్వంగానూ అనిపించింది. నా కోసం ఇంత బెంగ పెట్టుకుంటుందని నాకే తెలీదు. ఏదైనా టానిక్ పట్టించు. మనుషులది. బావ కూడా అన్నం సయించక చిక్కిపోయాడని చెప్పు. నిజానికి రోజూ హోటల్లో తింటున్నాను, ప్యాంటు బిగుతైంది. అది చెప్పక్కర్లేదు.

కొత్త ఫ్రేము వచ్చేసింది. ఎంత అందంగా ఉందో! చక్రం ఇట్టే కూర్చుంది. అయితే ఫోర్కు కాడ దీని మెడ గొట్టంలో పట్టడం లేదు. ఫోర్కు మార్చాలని హెల్మెట్ అప్పుడే చెప్పేశాడు. ఆయన చూపే చూపు. ఇంతకీ ఆయన సైకిల్ తొక్కడం ఆఫీసులో ఎవరూ చూడలేదు గానీ, జ్ఞానం అపారం.

ఇట్లు,
మీ బావ

తా.క. ఈ ఫోర్కు కూడా పంపనా?

—

బావా,

మర్యాదలు పక్కన పెట్టి రాస్తున్నాను. నిన్న అక్క "ఈ ఆదివారమైనా వస్తారేమో కనుక్కో, ఇంక అడగను" అంది. ఆ గొంతు నాకు నచ్చలేదు. బయల్దేరండి. బస్సు కొండ చుట్టూ తిరిగొచ్చినా మధ్యాహ్నానికి చేరతారు.

బావమరిది

తా.క. ఫోర్కు తేవద్దు.

—

డాక్టరు బావమరిదికి ఆశీస్సులు.

ఈ ఆదివారం ఎలా కుదురుతుంది? సంఘం వాళ్లంతా కొండబాటలో పోటీ పెట్టుకున్నారు. నా సైకిల్ ఇంకా అవలేదు కాబట్టి కొండ దిగువన బల్ల వేసుకుని, దిగొచ్చినవాళ్ల సమయం రాసుకునే బాధ్యత నాకప్పగించారు. కొలతల్లో నన్ను మించినవాడు లేడని హెల్మెట్ నలుగురి ముందూ అన్నాడు. అంత మాటన్నాక కాదనడం బాగుంటుందా?

మీ అక్కకి సర్ది చెప్పు. సైకిల్ నడిచిన రోజున వస్తానన్నది ఆవిడే కదా, నడవనీ.

ఇట్లు,
మీ బావ

తా.క. ఫోర్కు పార్సిల్లో పంపుతున్నాను.

—

బావగారికి,

ఈ ఉత్తరం బస్సులో రాలేదు. కొండ మీదుగా వచ్చింది. ఒళ్లంతా మట్టికొట్టుకున్న మనిషెవరో ఇప్పుడే సైకిల్ ఆపి దీన్ని మీ బల్ల మీద పెట్టి ఉంటారు. ఎవరా అని తర్వాత చూద్దురుగాని, ముందు ఇది చదవండి. కాగితాలు చదవకపోవడమే మీ జబ్బు.

మీ ఉత్తరం చదివి వినిపిస్తే అక్క పడీ పడీ నవ్వింది. నవ్వడం అయ్యాక వెనక గది తలుపు తీసి నన్ను లోపలికి పిలిచింది. గోడకి ఆనించి సైకిల్ ఉంది. మీ సైకిలే. మీరు పిల్లల పార్కుకి తప్ప పనికిరావన్న ఫోర్కు, చక్రాలు, పారేసిన బ్రేకులు, గొలుసు, అన్నీ ఆ చవక ఫ్రేముకి అతికినట్టు సరిపోయాయి. ఎందుకు సరిపోవు? మొదట దానికోసమేగా కొన్నారు. ఆవిడ పెన్సిలు గీతలు పెట్టుకుని చదివిన ఉత్తరం ఆ పెట్టెలోని బిగించే కాగితం. నా సిరంజి బ్రేకు నూనెలో చేరిన గాలి తియ్యడానికి పోయింది. మోకాళ్లు బెంగతో పగల్లేదు, కొండ దిగుడులో పగిలాయి. మనిద్దరం కలిసి ఆవిడకి బెంగ అంటగట్టాం బావా. నాకైతే సిగ్గేసింది. మీకెలా ఉందో చెప్పండి.

మొన్న కొండ మీద మీ హెల్మెట్ కూడా ఎదురయ్యాడట. దిగుడు చూసి జంకి, సైకిల్ దిగి చేత్తో నడిపించుకుంటూ వస్తున్నాడట. అక్క సైకిల్ ఆపించి, చుట్టూ తిరిగి చూసి, "ఎంత మంచి ఫ్రేమండీ, ఎక్కడ కొన్నారు?" అని అడిగాడట.

ఇక బోల్టు సంగతి. అది ఇంట్లో పోలేదు. మా ఇంటికొచ్చిన రోజు నుంచీ, ఈ సైకిల్‌కి బిగించేదాకా, అక్క చేతిసంచీలోనే ఉంది. కావాలనే తెచ్చుకుంది. అది లేకపోతే సైకిల్ కదలదు, సైకిల్ కదలకపోతే మీకు తోచదు. భార్య కోసం రాకపోయినా బోల్టు కోసమైనా వస్తారనుకుంది. ప్రతి ఆదివారం బస్సు వచ్చే వేళకి ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చునేది. వచ్చి వెతుక్కోమని కబురు కూడా పంపింది. మీరు ఫ్రేము మార్చేశారు. ఇది రాస్తుంటే నాకు కోపమొస్తోంది, దాచుకోను.

సైకిల్ నడిచిన రోజున ఇంటికొస్తానని అక్క అంది. సైకిల్ నడిచింది. చదవడం అయితే ఒకసారి తలెత్తి చూడండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. దిగొచ్చినావిడ సమయం రాసుకోవడం మర్చిపోలేదు కదా?

ఇంకో తా.క. ఇది రాస్తున్నది మీ ఆవిణ్ణి. వాడు తలెత్తి చూడమన్నాడు గానీ, మీరు చదవడం పూర్తయ్యేదాకా నేను నిలబడతానా? ఇంటికెళ్లిపోయాను. హాల్లో మీ సామానంతా ఎత్తెయ్యాలి, నా సైకిల్‌కి చోటు కావాలి. ఎక్కడ కూర్చున్నా తాళంచెవులు ఎదురుగా బల్ల మీద పెట్టుకోవడం మీకలవాటు. వాటి కోసం వెతక్కండి. కావాలంటే వచ్చి అడగండి.