కోతుల మీద అర్జీ

అక్టోబర్ 18
మిరప చేను చుట్టూ రెండు సాళ్లు మొక్కజొన్న వేస్తే పురుగుకి అడ్డుంటుందని రైతు కేంద్రంలో లిడియా మేడం చెప్పింది. వేశాం. కంకులు పాలు పోసుకునేసరికి ముప్పై కోతులు దిగాయి. కంకులు తిని, మిరప కొమ్మలు విరిచి పోయాయి. ఆఫీసు తెలివి! రైతు సంఘం కోసం నేను రాసి పంచే కరపత్రాల్లో ఉన్నది నిజమే. సలహా పైవాడిది, నష్టం కిందివాడిది.

అక్టోబర్ 21, సోమవారం
కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌లో కోతుల నష్టం మీద అర్జీ ఇచ్చాను. ఇరవై రెండు సంతకాలు. సలహా ఇచ్చిన లిడియా మేడం పేరు కింద రెండు గీతలు.

నవంబర్ 9
ఆమె చేలోకి వచ్చింది. గట్టు మీదే అరిచాను. ఆమె అరవలేదు. కోతుల మీదికి ఒడిసెల తిప్పుతున్నారు సరే, ఎప్పుడైనా ఆకు తిరగేసి చూశారా అండీ అని లెన్స్ నా చేతిలో పెట్టింది.

ఆకు బోర్లించిన పడవలా ముడుచుకుంది. అడుగున తెల్లగా, రవ్వకి కాళ్లొచ్చినట్టు నల్లి. ఒకటా, ఊరికి ఊరే.

కోతి మనలాగే చేత్తో తెంపుతుంది, పళ్లికిలిస్తుంది, పోతుంది. నల్లికి చప్పుడు లేదు. పోదు. ఆకు అడుగునే పుట్టి, రసం పీల్చి, అక్కడే గుడ్లు పెడుతుంది. కోతుల వల్ల పోయినవి పది మొక్కలు. నల్లి వల్ల సగం చేను. ఇన్నాళ్లూ కంటికి కనిపించినదాని మీదే కేకలేశాను.

లెన్స్ ఉంచండి, మళ్లీ వచ్చినప్పుడు తీసుకుంటా అంది.

నవంబర్ 10
గంధకం కొట్టాం. ఆమె రాలేదు.

నవంబర్ 14
ఏరా, ఆ అద్దం పట్టుకుని రోడ్డు వైపు చూస్తావేం, నల్లి బస్సు దిగుతుందా అంది అమ్మ. పక్క చేను కోటేష్ గట్టు మీద పడి నవ్వాడు.

నవంబర్ 22
కొత్త చిగురు చదునుగా వచ్చింది. ఆమెకి చూపించాలి. నాలుగు ఆకులు తుంచి డైరీలో పెట్టాను.

నవంబర్ 25
రైతు కేంద్రానికి నేనే వెళ్లాను. ఆమె కుర్చీలో చైతన్యకృష్ణ అట, కొత్తాయన. మేడంని వేటపాలెం వైపు బదిలీ వేశారండీ, మీ ఊరి నుంచే ఏదో అర్జీ వెళ్లిందటగా, కోతుల గురించి, అని నవ్వాడు.
చేలోకి వచ్చిన రోజుకి ఆమెకి తెలుసా? తెలిసే ఇచ్చిందా లెన్స్? మళ్లీ వచ్చినప్పుడు అంది కదా.

డిసెంబర్ 2, సోమవారం
ఇంకో అర్జీ. తప్పు నాది అని. ఒక్కటే సంతకం.

డిసెంబర్ 9
కోతులు వచ్చాయి. అరవలేదు. మిగిలిన కంకులు నేనే విరిచి గట్టు మీద పెట్టాను. ఒకటి లెన్స్ కోసం చెయ్యి చాచింది.
ఇవ్వలేదు.