హర్షిణి మూడో నంబరు అలారం

కాల్గరీ,
జనవరి 11

చి. సౌ. మృదులకు మీ మావయ్య ఆంజనేయులు బోలెడు ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. చలి మాత్రం అస్సలు క్షేమంగా లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటా అనుకుంటావు. ఫోన్‌లో నాకు తొందరగా కోపం వచ్చేస్తుంది. కాగితం మీదైతే నింపాదిగా ఉంటాను.

విషయం మన హర్షిణి గురించి. నా మనవరాలని కాదు గానీ, ఆరేళ్ళ పిల్లల్లో అలాంటిది ఇంకోటి లేదు. కానీ పొద్దున్నే స్కూలుకి బయల్దేరాలంటే మా ఇంట్లో యుద్ధమే. ముందు బూట్లు వేసుకుంటుంది. తర్వాత స్నో ప్యాంటు గుర్తొస్తుంది. బూట్ల మీంచి ప్యాంటు ఎక్కదు. ఇక నేలమీద పడి ఒకటే ఏడుపు. స్కూల్లోనూ ఇదే తంతట. ఏది ముందు, ఏది వెనక అని ప్లాన్ చేసుకోవడం, కోపమొస్తే తమాయించుకోవడం దానికి నేర్పాలని టీచరు కబురు చేసింది.

దాంతో కోడలు నీరజ మార్చి నుంచి పిల్లని ఆఫ్టర్ స్కూల్ సెంటర్లో వేస్తానంటోంది. ఇప్పుడు స్కూలు వదిలాక తీసుకొచ్చేది నేనే. సాయంత్రం దాకా అది నాతోనే ఉంటుంది. రిటైరయ్యాక నాకు మిగిలిన ఉద్యోగం అదొక్కటే. అదీ ఊడితే నేనేం చేయను చెప్పు?

నువ్వు పిల్లల థెరపిస్టువి కదా. గ్యాస్ ప్లాంటు మొత్తం ఆపించి, మళ్ళీ నడిపించినవాణ్ణి, ఒక్క పిల్లకి బూట్లు తొడిగించలేకపోతున్నాను. ఏదైనా ఉపాయం చెప్పు.

దిక్కుతోచని
మావయ్య

తా.క. పిల్ల కన్నా నేనే ఎక్కువ అరుస్తున్నానని మీ శాంతత్తయ్య అంటోంది. నమ్మకు. నేను గట్టిగా మాట్లాడతానంతే.

*

వాటర్లూ,
జనవరి 19

మావయ్య గారికి మృదుల నమస్కారాలు. మీ ఉత్తరం చదువుతూ ట్రెయిన్లో నా స్టాప్ దాటిపోయాను.

కంగారు పడకండి, ఇది నేర్పితే వచ్చే విద్యే. ఏ బట్ట తర్వాత ఏ బట్టో బొమ్మలు గీసి తలుపు దగ్గర అంటించండి. ఆలస్యమైనా సరే, తనని చేసుకోనివ్వండి. అత్తయ్యని బూట్లు తొడగొద్దనండి. తన కోపం చిన్నదో పెద్దదో తనే చెప్పేలా అలవాటు చేయండి. ఓ మూల దిండు వేసి ఉంచితే, మనసు బాగోలేనప్పుడు వెళ్ళి కూర్చుంటుంది. ఏడుస్తుంటే ఉపన్యాసం ఇవ్వకండి. పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. మిమ్మల్ని చూసి తనూ చేస్తుంది.

మీ
మృదుల

తా.క. ముందు మీరు చల్లబడాలి. ఈ మెట్టు దాటేయకండి మావయ్యా, మీ సంగతి నాకు తెలుసు.

*

కాల్గరీ,
ఫిబ్రవరి 2

చి. సౌ. మృదులకు, ఉత్సాహం పట్టలేని మావయ్య దీవెనలు.

ఎంత మంచి సంగతి చెప్పావమ్మా! ఇదంతా మా ప్లాంటు పద్ధతే కదా! ఇంత చిన్న విషయం నాకు తట్టలేదేమిటి?

తలుపు దగ్గర బొమ్మలు అంటించాను. నేనే గీశాను. బూటు ఇడ్లీపాత్రలా ఉందని మీ అత్తయ్య అంది. హర్షిణికి అర్థమైంది, అది చాలు. రోజూ పొద్దున ఇద్దరం హెల్మెట్లు పెట్టుకుని సేఫ్టీ మీటింగ్ జరుపుతున్నాం. కోపానికి మూడు అలారాలు పెట్టాను. ఒకటంటే చిరాకు. రెండంటే ఏడుపు వచ్చేలా ఉంది. మూడంటే అందరూ బయటికి నడవండి.

నువ్వు చెప్పిన మూలకి 'మస్టర్ పాయింట్' అని పేరు పెట్టాను. ప్లాంటులో గ్యాస్ లీకైతే అందరం వెళ్ళి నిలబడే చోటు అది. పైన ఎర్ర బల్బు కూడా పెట్టాను. ఊపిరి ఎలా తీయాలో రోజూ నేనే ముందు దిండు మీద కూర్చుని చూపిస్తున్నాను. అది పక్కన కూర్చుని 'గుడ్ జాబ్ తాతా' అంటూ వీపు నిమురుతుంది. ఎంత వినయమో చూడు!

నిన్న తనంతట తనే స్నో ప్యాంటు ముందు తొడుక్కుంది. నేను చప్పట్లు కొట్టాను.

ఇట్లు,
షట్‌డౌన్ ప్లానర్ ఆంజనేయులు

తా.క. బూట్లు తొడగొద్దన్నందుకు మీ అత్తయ్య రెండో నంబరు అలారంలో ఉంది. కాఫీ నేనే పెట్టుకుంటున్నాను.

*

వాటర్లూ,
ఫిబ్రవరి 9

మావయ్య గారికి, నవ్వాలో భయపడాలో తెలియని మృదుల నమస్కారాలు.

స్నో ప్యాంటు సంగతి చదివి చాలా సంతోషించాను. మిగతాదే కాస్త... ఆ మూల శాంతంగా కూర్చోవడానికి, ఖాళీ చేసి పారిపోవడానికి కాదు. మూడో నంబరుకి 'బయటికి నడవండి' అనేది వెంటనే తీసేయండి. పిల్లలు చెప్పింది చెప్పినట్టు చేస్తారు.

మీ
మృదుల

తా.క. ఆ ఎర్ర బల్బు తీసేశారా? తీసేశారని అత్తయ్యతో నాకు చెప్పించండి.

*

కాల్గరీ,
ఫిబ్రవరి 17

చి. సౌ. మృదులకు, తల వంచుకున్న మావయ్య దీవెనలు.

నీ ఉత్తరం సోమవారం అందింది. మా స్నేహితులు పద్మిని, మధుసూదన్ గార్ల ఇంట్లో వ్రతం శనివారమే అయిపోయింది.

పెద్దవాళ్ళం పైన కథ వింటున్నాం, పిల్లలు బేస్‌మెంట్‌లో ఆడుకుంటున్నారు. ఓ టాబ్లెట్ కోసం కొట్టుకున్నారట. హర్షిణి 'లెవెల్ త్రీ!' అని ప్రకటించింది. మేము గంటలు వాయిస్తూ హారతి ఇస్తుంటే అందరినీ తీసుకుని బయటికి నడిచింది. కిందికెళ్ళి చూస్తే ఒక్క పిల్ల లేదు! పద్మిని గారు ఏడుపు, మధుసూదన్ గారు పోలీసులకి ఫోన్ కలుపుతున్నారు, నేను అందరి మీదా కేకలు.

తీరా తలుపు తీస్తే డ్రైవ్‌వేలో చెత్తడబ్బాల పక్కన వరసగా నిలబడి ఉన్నారు. మృదులా, నువ్వు చూడాల్సిందమ్మా! గుమ్మం దగ్గర చెప్పులూ బూట్లూ కొండలా పడి ఉంటాయి కదా. అందులోంచి ఎవరి బూట్లు వాళ్ళకి తీయించింది. స్నో ప్యాంటు ముందు, బూట్లు తర్వాత. ఒక్కరి జిప్పూ తెరిచి లేదు. అందరికన్నా చిన్నదైన స్వీటీ గ్లవ్స్ తొడుక్కునేదాకా ఓపిగ్గా ఆగారట. అందరూ నెమ్మదిగా ఊపిరి వదులుతుంటే ఆవిరి పైకి లేస్తోంది. నా ఛాతీ మాత్రం ఇంత పొంగింది.

అది నా చెయ్యి పట్టుకుని 'తాతా, వాట్ లెవెల్?' అంది. ఐదు అన్నాను. 'దేరీజ్ నో ఫైవ్' అంది.

కానీ నీరజ నాతో మాట్లాడటం లేదు. సెంటరు అప్లికేషన్ నింపేసింది. గురువారం టీచరుతో మీటింగు, అక్కడే తేలుస్తానంటోంది. నన్నూ రమ్మన్నారు. నా ఉద్యోగం పోయినట్టే.

మావయ్య

తా.క. పిల్లల్ని లెక్కపెడితే ఒకడు ఎక్కువొచ్చాడు. పక్కింటి అబ్బాయి. ఎవరో లైన్లో నిలబడమన్నారట, నిలబడ్డాడు.

*

వాటర్లూ,
ఫిబ్రవరి 18
(కొరియర్లో)

మావయ్యా, మీ ఉత్తరం ఫోటో అత్తయ్య పంపింది, అందుకే ఈ కొరియరు.

కొట్లాట మధ్యలో ఆగి ఆలోచించడం, వరస గుర్తుపెట్టుకోవడం, చిన్నదాని కోసం కాచుకోవడం - ఇవి నేర్పడానికి మాకు నెలలు పడతాయి. హర్షిణికి నా దండాలు. మీకూ. నీరజతో నేను మాట్లాడతాను.

మీ
మృదుల

తా.క. మీటింగులో మీరు మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

*

కాల్గరీ,
ఫిబ్రవరి 20

చి. సౌ. మృదులకు, మావయ్య మనసారా దీవెనలు.

నువ్వు చెప్పినట్టే మీటింగులో నోరు మూసుకుని కూర్చున్నాను. మా అబ్బాయి సాయి కిరణ్, నీరజ, నేను, పక్కన హర్షిణి. టీచరు వాళ్ళిద్దరినీ వదిలేసి నా వైపు తిరిగి, ఒక్కో మాటా విడదీసి చాలా నెమ్మదిగా అంది: 'మీరు ఎంతో ఇంప్రూవ్ అయ్యారని విన్నాను. మాకందరికీ గర్వంగా ఉంది.'

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడు బయటపడింది. మా తాతకి పెద్ద పెద్ద కోపాలొస్తాయి, ఇంట్లో అందరం కలిసి నేర్పిస్తున్నాం అని హర్షిణి క్లాసులో రోజూ చెబుతోందట. తలుపు మీది బొమ్మలు తాత వరస మర్చిపోకుండా. మూల దిండు తాతది. ఊపిరి తీయడం కూడా తాతకోసమే, పాపం ఒక్కడే చేయలేడని తను తోడుగా కూర్చుంటోంది. వీపు నిమిరింది అందుకన్నమాట!

నీరజ పిల్లని అడిగింది, సెంటరుకి వెళ్తావా, నీ ఫ్రెండ్సంతా అక్కడే ఉన్నారుగా అని. హర్షిణి చాలాసేపు ఆలోచించింది. దాని మొహంలో ఆశ నాకు కనిపిస్తూనే ఉంది. చివరికి, 'ఐ వాంట్ టు గో, అమ్మా. బట్ తాతా ఈజ్ నాట్ రెడీ యెట్' అంది.

 నీరజ ఆ అప్లికేషన్ మడిచి బ్యాగులో పెట్టేసుకుంది. నాకు కోపం రావాల్సింది, కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆరేళ్ళ పిల్ల తన సరదా పక్కనపెట్టి నాకోసం ఆగింది. ఇంతకన్నా తమాయించుకోవడం ఏముంటుందమ్మా? ఇంత పిల్ల నన్ను ఇంత జాగ్రత్తగా చూసుకుంటోందని నాకు నిజంగా తెలియదు.

నేను రెడీ అని ఎవరితోనూ అనకు. నాకేం తొందర లేదు.

హర్షిణి సంరక్షణలో ఉన్న
మీ మావయ్య

తా.క. వచ్చేటప్పుడు టీచరు నాకో నక్షత్రం స్టిక్కరిచ్చింది. సాయి కిరణ్‌కి ఇవ్వలేదు. వాడు దారంతా మొహం ముడుచుకునే డ్రైవ్ చేశాడు.