జుమ్మాయి మూడో భాగం

కానో నగరం గ్వాలే పేటలో ఉంటున్న, చనిపోయిన అల్హాజీ బుకార్ పెద్ద భార్యను, ముప్పై ఒక్క నవలలు రాసిన తలాతును నేను. కాళ్ళు కదలకపోయినా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా ఇది రాస్తున్నాను. అమలు చేసే బాధ్యత ఇమామ్ జిబ్రిన్ గారిది.

1. ఆస్తిలో మూడింట రెండు వంతులు షరియా ప్రకారం నా పిల్లలవి. అందులో నా మాట చెల్లదు. గిన్నెల కోసం మాత్రం కొట్టుకోకండి.

2. నా కలాలు, రాతబల్ల నా దగ్గర కథ నేర్చుకునే ఆడపిల్లలకు. మొదటి భాగంలో ముడి వెయ్యండి, రెండో భాగంలో బిగించండి, మూడో భాగంలో మనిషి మారాలి. మారకపోతే అది కథ కాదు, తిట్టు. ఈ పాఠం చెప్పిన నేనే నా 'జుమ్మాయి' నవలలో తప్పాను.

3. ప్రచురణకర్త మాలం హబుకు ఏమీ లేదు. "జుమ్మాయి మారితే పుస్తకం ఎవరు కొంటారు హాజియా?" అని నా చెవిలో ఊదినవాడు అతనే. విన్నదాన్ని నేను, ఛీ!

4. సవతి కొడుక్కి మాసా అనే బియ్యపు పొంగణంలో విషం పెట్టే ఆ జుమ్మాయికి నా సవతి లాదిదీ పళ్ళసందు, వీధి గుమ్మంలో ఆమె మాసాలు పోసే గుంతల పెనం, అన్నీ ఇచ్చాను. మొన్న గురువారం నోరు చేదుగా ఉండి, రెండు మాసాలు పోసిపెట్టమని ఆమెను అడిగాను.

"తింటావా అక్కా? పేటంతా భయపడుతుంటే నీకు భయం లేదూ? రేడియోలో నీ కథ చదివినప్పటి నుంచి నా దగ్గర ఒక్కరు కొన్నారా? పిల్లలు నన్ను జుమ్మాయి అనే పిలుస్తారు. నీ కథల్లో దొంగలు కూడా మారతారు కదా, నేనొక్కదాన్నే మారనా?"

ఆ కథ రేడియోలో వచ్చి పందొమ్మిదేళ్ళు! ఆమె పెనం పక్కన పెట్టింది బద్ధకంతో అనుకున్నాను. యా అల్లా!

5. జుమ్మాయి బావిలో పడి చచ్చే, ఇంకా అచ్చుకాని మూడో భాగం చింపేశాను. రెండు రోజులుగా ఆమెను మార్చి రాయబోయాను. కుదరలేదు. మారాల్సింది ఆమె కాదు, ఆ కథలోని పెద్ద భార్య.

కాబట్టి ఆ మూడో భాగం, జుమ్మాయి పుస్తకాల మీద వచ్చే రాబడి అంతా లాదిదీకి. సవతి వారసురాలు కాదు కనుక నా ఇష్టానికి మిగిలిన మూడో వంతులోంచి ఇవ్వచ్చని ఇమామ్ గారు అన్నారు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉన్న మనిషి చట్టానికి పరాయిదట!

మూడో భాగాన్ని ఆమె చెబుతుంటే నా కూతురు హిందాతు రాయాలి. ఒక్క మాట కొట్టెయ్యకూడదు. రేడియోలో అదే చదవాలి. పెద్ద భార్యకు ఇన్నాళ్ళూ పేరు పెట్టలేదు. నా పేరు పెట్టండి.

శనివారం, 14 మార్చి 2009, కానో.
సంతకం: తలాతు బుకార్
సాక్షులు: మాలం టాంకో (బడిపంతులు), మాలం ఇస్యాకు (దర్జీ)