వదిన విన్న మాట

రాజమండ్రి,
17 ఆగస్టు 2003.

శ్రీవారికి,

రామతులసి నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తయ్యగారు, పాప, నేను కులాసాగానే ఉన్నాం. పోర్ట్‌బ్లెయిర్‌లో వానలు తెరిపిచ్చి మీ వంతెన పని సాగుతోందని, మీరు వేళకు భోంచేస్తున్నారని తలుస్తున్నాను.

పాప దగ్గు గురించి అడిగారు. తగ్గింది. అత్తయ్యగారి కంటి ఆపరేషన్ దసరా వెళ్ళాక చేద్దామన్నారు డాక్టరుగారు. పొలం దస్తావేజులు రాసుకునే నాకు కంప్యూటర్ ఒప్పందాలు ఎలా అప్పగించారని కూడా అడిగారు. మా సీనియర్‌గారికీ అవి కొత్తే, ఇద్దరం కలిసే నేర్చుకుంటున్నాం. పొలానికైతే నాలుగు హద్దులు రాస్తే సరిపోయేది. ప్రోగ్రాముకి హద్దులెక్కడుంటాయండీ? నా మొదటి చిత్తుప్రతిలో 'కంపెనీ తగిన సేవ అందించాలి' అని రాస్తే ఆయన కొట్టేశారు. తగినదని ఎవరు తేలుస్తారమ్మా, మిషను ఆగిన రోజున ఎవరొస్తారో, ఎంతసేపట్లో వస్తారో రాయి అన్నారు. అప్పట్నుంచి ఏ వాక్యం రాసినా, పని చెడిన రోజున ఇది అక్కరకొస్తుందా అని చూసుకుంటున్నాను.

ఈ ఒప్పందం ఇక్కడ ఒక ధర్మసంస్థ నడిపే బ్లడ్ బ్యాంకుది. ఏ గ్రూపు రక్తం ఎంత ఉంది, ఏది పాడయ్యే గడువుకి వచ్చింది, ఏ దాతను పిలవాలి, అన్నీ ఇక కంప్యూటరే చెబుతుంది. ఆ ప్రోగ్రాము ఇచ్చేది మన అప్పాజీ కంపెనీయేనని ఫోన్లో చెప్పాను కదా. అతను నా మరిది అని సంస్థ అధ్యక్షురాలు డాక్టర్ సూర్యావతిగారికి మొదట్లోనే చెప్పేశాను. దాచలేదు కాబట్టి నన్నే చూడమన్నారావిడ.

ఫోన్లో చెప్పనిది ఇప్పుడు రాస్తున్నాను. అత్తయ్యగారు పక్కనుండగా నోరు రాలేదు.

సంతకాల ముందు రోజు అప్పాజీ భోజనానికొచ్చాడు. ప్రోగ్రాము ఆగితే రెండు గంటల్లో బాగుచేయగల మనిషి రావాలని నేను రాసిన షరతు తీసెయ్యమన్నాడు. ఎందుకని అడిగితే మొదట అదీ ఇదీ చెప్పాడు. చివరికి బయటపెట్టాడు. ప్రోగ్రామంతా రాసింది అతని భాగస్వామి వంశీ. అతను హైదరాబాదులో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోతున్నాడట. చెడితే బాగుచేయడం అప్పాజీకి రాదు.

"ఇది వదినతో చెప్పుకున్నాను. ప్లీడరుగారితో కాదు" అన్నాడు.

బయటపెడితే ఇంటి మనిషి నమ్మి చెప్పిన మాట. దాస్తే, ఏదో రోజు ఆపరేషన్ బల్ల మీద ఉన్న మనిషికి రక్తం అందదు. "రేపు నువ్వే చెప్పు అప్పాజీ. చెప్పకపోతే నేను లేచి వచ్చేస్తాను. కారణం మాత్రం నా నోట రాదు" అన్నాను. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

మర్నాడు సంతకాల దగ్గర అప్పాజీ నావైపు చూడలేదు. ఆ షరతు చదివి సూర్యావతిగారు అభ్యంతరమేమన్నా ఉందా అని అడిగారు.

"ఏం లేదండి" అన్నాడు. పెన్ను తీశాడు.

నేను లేచాను. ఈ పని నుంచి తప్పుకుంటున్నానని, ఇంకో ప్లీడరుకి చూపించేదాకా సంతకం పెట్టవద్దని ఆవిడతో చెప్పాను. ఎందుకమ్మా అన్నారు. కాగితాలు బల్లమీదే వదిలి తలుపు దాకా నడిచాను. మీ తమ్ముడి బతుకు నా చేతులతోనే పాడుచేస్తున్నానేమో అనిపించింది.

"ఆగండి వదినా" అన్నాడు అప్పాజీ వెనకనుంచి. అందరి ముందూ వంశీ సంగతి చెప్పేశాడు.

సూర్యావతిగారు కోప్పడలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ రోజు సంతకాలు జరగలేదు. మిగతాది సీనియర్‌గారే చూశారు. మూడేళ్ళ ఒప్పందం ఆరు నెలలకు తగ్గింది. వంశీ వెళ్ళేలోగా ఇంకొకరికి పని నేర్పాలి. అందాకా బ్లడ్ బ్యాంకులో పాత పద్ధతిలో రిజిస్టర్లూ రాయాలి. వీటన్నిటికీ ఒప్పుకుని నిన్న మా సీనియర్‌గారి ఆఫీసులో అప్పాజీ సంతకం పెట్టాడు.

మెట్లు దిగుతూ, "మీరు లేవకపోతే నేను చెప్పేవాణ్ణి కాదు" అన్నాడు. ఇంటికి రమ్మంటే వినపడనట్టు బండి స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు. అత్తయ్యగారు వాడేడీ అని అడుగుతున్నారు. పనెక్కువగా ఉందట అంటున్నాను.

ఆ మాట నిష్ఠూరంగా అన్నాడో, గుండె బరువు దిగి అన్నాడో నాకు తెలియలేదు. అతన్ని ఎత్తుకు పెంచినవారు మీరు. మీకు తెలుస్తుంది. నాకు జవాబు రాసేముందు అతనికి రాయండి.

ఇట్లు,
మీ ఇల్లాలు,
రామతులసి