పేరు రాయాల్సిన చోట

ఆదివారం, మధ్యాహ్నం
అమ్మమ్మ వాళ్ళింటి నుంచి

విద్యార్థుల ఆన్‌లైన్ సహాయ కేంద్రంలో నా ప్రశ్నలకు ఓపికగా జవాబులు రాస్తున్న గురువుగారికి,

మేడమో సారో తెలియని మొదటి రోజు నుంచీ గురువుగారు అనే అంటున్నాను. ముఖం చూడకపోయినా, గొంతు వినకపోయినా, తెరకు ఇవతల నుంచే రెండు చేతులూ జోడించి నమస్కరిస్తున్నాను. మీరు కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం లేను. పొద్దున్నుంచీ కాలు కాలిన పిల్లిలా ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతున్నాను. ఒకచోట కుదురుగా కూర్చోమని అమ్మమ్మ కసిరింది. కూర్చున్నాను. మళ్ళీ లేచాను. చాట్‌లో రాద్దామంటే మూసెయ్యగానే అంతా చెరిగిపోతుంది. అందుకే ఉత్తరంలా రాసి మీ కేంద్రం మెయిలుకు పంపుతున్నాను.

నా ప్రాజెక్టు రేపే ఇచ్చెయ్యాలి. సగం సంగతి మీకు తెలుసు. తెలియని సగం కూడా చెప్పేస్తాను.

మా వీధి చివర మూతపడ్డ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ గురించి నేను ప్రాజెక్టు రాశాను కదా. అందులో రెండు పేరాలు ఒక వెబ్‌సైటులోంచి ఎత్తి అతికించాను. ఎక్కడివో రాయలేదు. మా స్కూల్లో ప్రాజెక్టులు టీచర్ల దగ్గరికి పోయేముందు లైబ్రరీకి వెళ్తాయి. ఆధారాలు సరిగ్గా రాశారో లేదో లైబ్రేరియన్ చూసి సంతకం పెట్టాలి. ఆ లైబ్రేరియన్ ఎవరో కాదు, మా అమ్మ. నా రెండు పేరాల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, తిన్నగా తీసుకెళ్ళి సోషల్ మాస్టారి బల్ల మీద పెట్టేసింది. ముందురోజు సాయంత్రం, అప్పటికే అది చూసేసి కూడా, నా పక్కనే కూర్చుని బట్టలు మడతపెట్టిందండీ! ఒక్క ముక్క అనలేదు. మాస్టారు క్లాసులో నన్ను నిలబెట్టి, సొంతంగా తిరగరాసి తెస్తే సరే సరి, లేకపోతే సున్నా వేస్తానన్నారు. సున్నా అంటే ఈ ఏడు సోషల్‌లో ఫెయిలే.

ఇంటికొచ్చి ఒంటికాలి మీద లేచాను. కన్నతల్లి చేసే పనేనా ఇది అని అడిగేసి, సంచీ సర్దుకుని అమ్మమ్మ దగ్గరికి వచ్చేశాను. అప్పట్నుంచీ అమ్మతో మాటల్లేవు. స్కూల్లో లైబ్రరీ మీదుగా పోవాల్సి వస్తే మెట్లు దిగి, సైకిళ్ళ షెడ్డు చుట్టూ తిరిగి వెళ్తున్నాను.

వేరే దిక్కులేకే మీ దగ్గరికి వచ్చాను. వచ్చీ రాగానే మీతోనూ పోట్లాడాను. ఫ్యాక్టరీ మంటల్లో కాలిపోయి మూతపడిందని ఇన్ని సైట్లు చెప్తుంటే నిజం కాదా అన్నాను. ఇంతమంది చెప్పారా, లేక ఒక్కరు చెప్పిందే ఇంతమంది రాశారా అని మీరు అడిగారు. ఒక్కో పేజీ అడుగుకు వెళ్ళి ఎక్కడినుంచి తెచ్చారో చూడమన్నారు. చూశాను. ఇది దాన్ని చూపిస్తుంది, అది ఇంకోదాన్ని చూపిస్తుంది. ఆఖరికి అన్నీ పోయి, ఎవరో ఒకాయన ఊసుపోక రాసిన బ్లాగు దగ్గర ఆగాయి. ఆయనకెవరు చెప్పారో ఆయన రాయలేదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు ఒకే మాట చెప్పేదాకా నమ్మొద్దని మీరు ఆరోజే నేర్పారు.

పాత పత్రికల్లో వెతకడమూ మీరే చూపించారు. మంటలు, ప్రమాదం అని వెతక్కుండా ఫ్యాక్టరీ పేరూ మూతపడ్డ సంవత్సరమూ పెట్టమన్నారు. యంత్రాల వేలం ప్రకటన దొరికింది. అన్నీ మంచి స్థితిలో ఉన్నాయట! ఇంకో పత్రికలో, లైటర్లు వచ్చాక గిరాకీ పడిపోయిందని ఉంది. మంటా లేదు, పొగా లేదు, బేరాల్లేక మూసేశారు. నిజం చెప్పాలంటే నాకు ఉసూరుమనిపించింది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ అన్నాక తగలబడితేనే కదా బావుండేది.

అన్నిటికంటే నన్ను నిలవనివ్వనిది మీ ఒక్క జవాబు. మీ కూతురి ప్రాజెక్టు మీ చేతికే వస్తే ఏం చేసేవారని మొన్న ఊరికే అడిగినట్టు అడిగాను. మీరు రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. నేను గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. ముందు నీళ్ళు తాగావా అని అడిగారు. తర్వాత రాశారు, నేనైనా గీత గీసేదాన్నే అని. ముందే ఇంట్లో ఆ తప్పు చూపిస్తే పిల్ల ఏడుపు చూడలేక నేనే కూర్చుని దిద్దిపెట్టేస్తానేమోనన్న భయంతో నోరు మెదిపేదాన్ని కాదు, అలా చెప్పకుండా ఉండటం మాత్రం తప్పే అని.

ఇప్పుడు అసలు చిక్కుకు వస్తాను. సాయం చేసినవాళ్ళ పేరు కూడా ఆధారాల్లో రాయాలి. సహాయ కేంద్రం అని రాస్తే చిత్తుప్రతి చూసిన మాస్టారు కొట్టేశారు. కేంద్రం మాట్లాడదు, అందులో కూర్చున్న మనిషి మాట్లాడుతుంది, పేరు తెమ్మన్నారు. మీరేమో పేరు చెప్పకూడదు, మా నియమం అంతే అన్నారు. మిగతా అంతా రాసేశాను, ఆ ఒక్క లైను ఖాళీగా ఉంది. పైగా ఇది మళ్ళీ లైబ్రరీకే, మా అమ్మ చేతికే పోవాలి. ఖాళీ కనబడితే అమ్మ వదలదు. మళ్ళీ గీత గీస్తుందని భయంగా ఉంది. చూసీ చూడనట్టు గీయకుండా వదిలేస్తుందేమోనని ఇంకా భయంగా ఉంది. అంటే ఇక నా సంగతి తనకు పట్టదనేగా!

ఇంతకంటే రాయలేను. నిన్న మీకు చెప్పిన దగ్గు తగ్గింది, కంగారు పడకండి. మీ ఆరోగ్యం జాగ్రత్త.

ఇట్లు,
ఇన్ని రోజులూ మీరు భరించిన
చీమ
(చాట్‌లో నేను పెట్టుకున్న పేరు)

తా.క.: నాకసలు దగ్గే లేదు.

చేదు మాట చెప్పేముందు నీళ్ళు తాగావా అని అడిగే మనిషిని నేను ఇంకొక్కరినే ఎరుగుదును. కానీ ఒక్క ఆధారం చాలదని నేర్పింది మీరే. అందుకే దగ్గొస్తోందని మీ ఒక్కరికే రాశాను. అమ్మమ్మ ముందు ఒక్కసారి కూడా దగ్గలేదు. కాసేపటికి అమ్మమ్మ ఫోన్ మోగింది. పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, ఉప్పు వేసిన వేడినీళ్ళు తెచ్చి పుక్కిలించమంది. నీకెవరు చెప్పారని అడిగితే, ఎవరు చెప్పాలి, నాకే అనిపించింది అని గోడకేసి చూసింది. అచ్చం ఆ బ్లాగాయన లాగే. పుక్కిలించాను, ఏం చేస్తాను.

అమ్మా, ముందు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ నన్ను పిచ్చిదాన్ని చేశావనుకున్నాను. నేను మెట్లు దిగి చుట్టూ తిరిగిపోయిన రోజుల్లో కూడా నువ్వు నా పక్కనే కూర్చున్నావని తర్వాత తట్టింది. బాగా ఏడ్చాను.

ఖాళీ లైనులో నీ పేరు రాసేశాను. మీ కేంద్రంవాళ్ళు ఏమైనా అంటే నేనే కనిపెట్టానని చెప్పు, ఎలా కనిపెట్టానో కూడా చెప్పు. ప్రాజెక్టు సంచీలో పెట్టుకుని ఈ సాయంత్రం ఇంటికి వస్తున్నాను. రేపటిదాకా ఆగొద్దు, నా ఎదురుగానే చూడు. తప్పుంటే గీత నువ్వు గియ్యి, దిద్దేది మాత్రం నేనే.