నేలమాళిగలో ఎవరో తిరుగుతున్నారు

ప్రియమైన ఎర్నెస్ట్‌కు,

మావయ్య, నేను కులాసాగానే ఉన్నాం. దగ్గు తగ్గిందని రాశావు. నన్ను ఊరడించడానికి రాసిన మాట కాదు కదా? ఆ ఆసుపత్రి వరండాలో సముద్రపు గాలికి కూర్చునేటప్పుడు మెడకు ఉన్నిపట్టీ చుట్టుకో.

నేలమాళిగ చల్లగా ఉంటోందా, బీరు బాగుంటోందా అని అడిగావు. చల్లగానే ఉంది. రాతినేల నేనే కడుగుతున్నాను. బీరు మాత్రం బాగాలేదు. పొద్దున పీపా కుళాయి తిప్పితే తేటగా ఉన్నది, సాయంత్రం పైన మన పబ్బులో పంపు లాగేసరికి మురికినీళ్ళలా వచ్చేది. గనివాళ్ళు గ్లాసు దీపానికెత్తి చూసి, "ఏం హిల్డా, ఇందులో చేపలు పెంచుతున్నావా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. కొందరు ఎదురువీధి పబ్బుకు మళ్ళారు కూడా.

నీ బదులు పీపాలు చూస్తున్నది నీ తమ్ముడే కాబట్టి నా అనుమానం నార్మన్ మీదికే పోయింది. మంచి బీరు ఇంటికి మోసుకుపోయి, గ్లాసుల్లో మిగిలిన ఎంగిలి బీరు పీపాలో పోస్తున్నాడనుకున్నాను. అడిగితే నేలచూపులు చూసేవాడు.

"పీపా కదిలి మడ్డి లేచింది వదినా."

"దానంతటదే కదులుతుందా?"

అతను గ్లాసులు తుడవడం మొదలెట్టాడు. అతను లేనప్పుడు కోటు జేబులు వెతికాను. అందులో ఉన్న సీసా బీరు వాసన వస్తుందేమోనని ముక్కు దగ్గర పెట్టి చూశాను.

నీ ఆరోగ్యం చూసి ఇంతవరకు రాయని సంగతి ఇప్పుడు రాస్తున్నాను. పబ్బు నిండా జనం ఉండగా నీ తమ్ముణ్ణి "దొంగా" అన్నాను. అతను ఏప్రన్ విప్పి బల్లమీద పెట్టి వెళ్ళిపోయాడు.

అతను పోయినా బీరు తేటపడలేదు. దాంతో ఒకరోజు మధ్యాహ్నపు విరామానికి పబ్బు మూశాక, కింద ఖాళీ పీపాల వెనక దాక్కున్నాను. మెట్లమీద చప్పుడైంది. గోడ తడుముకుంటూ దిగింది మావయ్య! ఒక్కో పీపానూ కౌగిలించుకుని, అటూ ఇటూ ఊపి, చెవి ఆనించి, "ఇది సగముంది... ఇది రేపటికి పండుతుంది" అని గొణుక్కుంటున్నాడు. చూపు పోయి పీపాల పని మానుకున్నాక ఆయన ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆయన పైకి వెళ్ళేదాకా కదలకుండా కూర్చున్నాను.

అటునుంచి అటే నార్మన్ ఇంటికి పరుగెత్తాను.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి చెప్పవేం?"

"చెప్తే నువ్వు తలుపుకి తాళమేస్తావు వదినా. నాన్నకి అది తప్ప ఇంకేం మిగిలింది?"

క్షమించమన్నాను. "అందరి ముందూ అన్నావు, అందరి ముందే వెనక్కి తీసుకో. నాన్న పేరు మాత్రం ఎత్తకు" అన్నాడు. ఏ రోజుకారోజు అమ్మే పీపాలు లోపలి గదిలోకి మార్చి, ఇంకా తెరవనివి మాత్రమే మావయ్య చేతికి అందేలా ఉంచుదామని ఇద్దరం అనుకున్నాం.

నిన్న జనమంతా ఉన్నప్పుడు బల్ల చరిచి చెప్పాను: "నార్మన్ తప్పేం లేదు. మడ్డి దిగకముందే తొందరపడి పీపాకి కుళాయి బిగించి బీరు తీసింది నేనే."

అందరూ గొల్లున నవ్వారు. చలిమంట పక్కనుంచి మావయ్య కర్ర నేలకేసి కొట్టాడు. "నేననుకుంటూనే ఉన్నా! ఈ పిల్లకి ఓపికెక్కడిది? ఇకమీదట నన్నడక్కుండా ఒక్క పీపా ముట్టుకున్నావో, ఊరుకోను!"

నార్మన్ గ్లాసులో మొహం దాచుకున్నాడు. నవ్వాపుకోలేక భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"అలాగే మావయ్యా" అన్నాను.

ఇట్లు,
మీ నాన్న చేత చీవాట్లు తింటున్న నీ భార్య,
హిల్డా